మర్చిపోయిన మోడ్ పాస్‌వర్డ్, 3వ భాగం: ఒక్క తెలుగు మాటకి ఎన్ని స్పెల్లింగులు?

పోయినసారి ఫైల్‌ని సెవెన్-జిప్‌లో (ఫైళ్లని కట్టగట్టి తాళం వేసే సాఫ్ట్‌వేర్) తెరిచి, తాళం ఏ రకమో చూపించే మెథడ్ కాలమ్ చూడ్డం దగ్గర ఆపాం. మన చేతిలో ఉన్నది గాజువాకలో ఉండే మా పెద్దమ్మ కొడుకు, అన్నయ్య ఫైల్. జీటీఏ శాన్ ఆండ్రియాస్ గేమ్‌లో బస్సుకి మన సిటీ బస్సు రంగులేసి, ముందు బోర్డు మీద 900కె భీమిలి అని పెట్టి, తనే కూర్చుని చేసుకున్న మోడ్ (గేమ్‌లో మనం చేసుకునే మార్పు), తనే తాళం వేసి తనే మర్చిపోయాడు. (ఇంకొకరు చేసిన మోడ్‌కి తాళం ఉంటే వాళ్లనే అడగండి, ఈ పాఠాలు సొంత ఫైల్‌కి మాత్రమే.)

ఆ కాలమ్‌లో 7జెడ్‌ఏఈఎస్:19 అని ఉంది కదా, ఆ 19 అంటే 2ని 19 సార్లు హెచ్చవేయడం, 5,24,288. ఒక్క పాస్‌వర్డ్ సరైనదో కాదో తెలియాలంటే కంప్యూటర్ ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్కని అన్నిసార్లు తిప్పాలి, అందుకే స్లో. లెక్క సులువుగా ఉండాలని సెకనుకి వంద ట్రై చేస్తుంది అనుకుందాం. ఎనిమిది చిన్న ఇంగ్లీషు అక్షరాలు, అన్ని కలయికలూ చూడాలంటే దాదాపు 20,882 కోట్లు, అంటే 66 ఏళ్లు. అన్నయ్యకి చెప్తే "అప్పటికి ఆ గేమ్ ఎవడు ఆడతాడ్రా" అన్నాడు.

కాబట్టి మెషీన్ కంటే ముందు మనిషిని గెలకాలి. ఫైల్ పేర్లకి తాళం వేయలేదు కాబట్టి లోపల తేదీలు కనిపిస్తున్నాయి, చివరిది 2014 నవంబరు. తేదీ చూపించగానే అన్నయ్యకి హుద్‌హుద్ గుర్తొచ్చింది, అక్టోబరు 12న తుఫాను, రోజుల తరబడి కరెంటు లేదు, వీధిలో చెట్టు పడి తన పాత బండి నుజ్జయింది, కరెంటొచ్చాక సిస్టమ్ పోతుందేమోనన్న భయంతోనే అన్నీ ఒక ఫైల్‌లో కట్టి దాచాడంట. ఇలా తేదీ పట్టుకుని ఆ నెలలో ఏం జరిగింది, ఏ ఫోను, ఏ బండి, ఊతపదం ఏంటి అని అడగండి. "పాస్‌వర్డ్ ఏంటి" అని అడిగితే ఎవడికీ గుర్తురాదు.

అన్నయ్య ఊతపదం "ఏటిరా". దాని వెనక ఏవో నాలుగు అంకెలు, అంతవరకు గ్యారంటీ అన్నాడు. సరే, ఇంగ్లీషు వాళ్ల వర్డ్‌లిస్టులు (ట్రై చేయడానికి మాటల జాబితాలు) మనకి పనికిరాని చోటు ఇదే, ఎందుకంటే మనం తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కోసారి ఒక్కోలా కొడతాం. "ఏ"కి ఉత్త ఇ కొట్టొచ్చు, వై ఇ కొట్టొచ్చు, ఎ ఇ కొట్టొచ్చు. "టి"కి టి ఐ, టి వై, టి డబుల్ ఇ. "రా"కి ఒక ఎ గాని రెండు ఎ లు గాని. మూడు మూళ్లు తొమ్మిది, రెళ్లు పద్దెనిమిది, మొదటి అక్షరం పెద్దదా చిన్నదా అంటే 36. ఈ 36 మాటలూ నోట్‌ప్యాడ్‌లో లైనుకొకటి చొప్పున చేత్తోనే రాయండి, పది నిమిషాల పని. మీ మాటలో త, ద, శ ఉంటే హెచ్ పెట్టే అలవాటుందో లేదో కూడా చూసుకోండి, అక్కడే సంఖ్య పెరుగుతుంది.

వెనక నాలుగు అంకెలు అంటే పదివేల కలయికలు, మొత్తం 3,60,000, సెకనుకి వంద చొప్పున గంట. అరవై ఆరేళ్లది గంటకొచ్చింది చూడండి.

ఇక నడపడం. అసలు ఫైల్ ముట్టుకోకండి, కాపీ మీదే చేయండి. పాస్‌వర్డ్ వెతికే జాన్ ద రిప్పర్ అనే సాఫ్ట్‌వేర్‌తో వచ్చే 7జెడ్2జాన్ అనే స్క్రిప్ట్ (దీనికి పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాష కంప్యూటర్‌లో ఉండాలి) ఫైల్ నుంచి తాళం వివరాలున్న ఒక పొడుగాటి లైను తీసిస్తుంది, మొదట్లో ఫైల్ పేరు, కోలన్ ఉంటాయి, ఆ రెండూ చెరిపేసి డాలర్ గుర్తు నుంచి ఉంచాలి, లేకపోతే పాస్‌వర్డ్‌లు వరసగా ట్రై చేసే సాఫ్ట్‌వేర్ హ్యాష్‌క్యాట్ తీసుకోదు. హ్యాష్‌క్యాట్‌లో మోడ్ నంబరు (ఏ రకం తాళమో చెప్పేది, మన గేమ్ మోడ్ కాదు) 11600, అటాక్ రకం 6, అంటే లిస్టులో మాట తీసుకుని వెనక మాస్క్ (ఏ చోట ఏ రకం అక్షరమో చెప్పే నమూనా) అతికించడం, మాస్క్ వచ్చి ప్రశ్నార్థకం పక్కన చిన్న డి (అంటే ఒక అంకె), అలా నాలుగుసార్లు. సెషన్‌కి పేరు పెట్టుకుంటే మధ్యలో కరెంటు పోయినా రీస్టోర్ కొట్టి కొనసాగించొచ్చు. ఇదంతా ముందు ఒక ఉత్త టెక్స్ట్ ఫైల్‌కి తెలిసిన పాస్‌వర్డ్ వేసి దాని మీద ట్రై చేయండి. నేను ఆ పని చేయకుండా ఒక రాత్రంతా తప్పు లైను మీద ల్యాప్‌టాప్ కాల్చాను.

మనది నలభై నిమిషాల్లోపే దొరికింది. ఇ తోనే మొదలవుద్ది అని ఒట్టేసిన మనిషి వై ఇ కొట్టాడు, వెనక అంకెలు చెట్టు కింద పోయిన ఆ బండి నంబరు, ఏపీ 31 తర్వాతివి. అన్నయ్య స్క్రీన్ వంక కాసేపు చూసి బండి గురించే మాట్లాడాడు, బస్సు సంగతే ఎత్తలేదు.

వచ్చే భాగంలో పాత జిప్ తాళం, జిప్‌క్రిప్టో. దాన్ని పాస్‌వర్డ్ లేకుండానే తెరవొచ్చు, కాకపోతే లోపలి ఫైల్‌లో కనీసం 12 బైట్లు మనకి ముందే తెలిసుండాలి. ఈలోగా మీ జిప్ తెరిచి సీఆర్‌సీ (ఫైల్ లోపలి సరుకుని బట్టి లెక్కగట్టే నంబరు) కాలమ్‌లో ఉన్న నంబర్లు రాసుకోండి, పాత పెన్‌డ్రైవుల్లో అదే నంబరున్న ఫైల్ విడిగా ఎక్కడైనా పడుందేమో వెతకండి.