పాలమూరు, ఎంజీయూల సామర్థ్యం లెక్కగట్టేదెలా? ఆ ర్యాంకు ఎంత గట్టిది?

నల్లగొండలోని మహాత్మాగాంధీ వర్సిటీ 2007లో, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు వర్సిటీ 2008లో పుట్టాయి. వాటిని 1918 నాటి ఉస్మానియా పక్కన పెట్టి మార్కులేస్తే బయటపడేది ఎక్కువగా వయసు తేడానే. ఉన్న వనరులతో ఎంత సాధించాయో చూడాలంటే డేటా ఎన్వలప్‌మెంట్ అనాలిసిస్ (డీఈఏ) వాడాలి. ప్రతి వర్సిటీనీ ఉన్న వనరులతో ఎక్కువ ఫలితాలు తెచ్చిన వాటితో పోల్చి స్కోరు ఇచ్చే పద్ధతి ఇది; అందరికన్నా ముందున్న వాటికి స్కోరు 1.

వనరులు రెండు చాలు: బోధకులు, ఏడాది ఖర్చు. లెక్క చెడేది ఎక్కువగా ఇక్కడే. రెగ్యులర్ వాళ్లనే లెక్కిస్తే, కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులతో నెట్టుకొచ్చే వర్సిటీకి లేని సామర్థ్యం అంటగట్టినట్టే. అందరినీ బోధన గంటల్లోకి మార్చండి: వారానికి 16 గంటలు ఒక పూర్తి పోస్టు అనుకుంటే, 8 గంటలు చెప్పే పార్ట్‌టైమర్ 0.5. ఖర్చులోంచి పింఛన్లు, కొత్త భవనాలు తీసేయాలి. పింఛన్ల భారం పాత వర్సిటీలకే ఎక్కువ. పీఆర్సీ బకాయిలు పడిన ఏడాది అంకెలు ఎగబాకుతాయి, కాబట్టి మూడేళ్ల సగటు తీసుకోండి.

ఫలితాలు: క్యాంపస్ పీజీ ఉత్తీర్ణులు, స్కోపస్ (పరిశోధన పత్రాల డేటాబేస్)లో చేరిన పేపర్లు. అనుబంధ కాలేజీల విద్యార్థులను కలపొద్దు, వాళ్ల లెక్చరర్లు మన లెక్కలో లేరు కదా.

రెండు వనరులు, రెండు ఫలితాలకు కనీసం 12 వర్సిటీలు కావాలి. ఉస్మానియా, కాకతీయ, తెలంగాణ, శాతవాహన కలిపినా ఆరే. అంత తక్కువుంటే దాదాపు అన్నిటికీ స్కోరు 1 వస్తుంది. ఆంధ్ర, కర్ణాటక రాష్ట్ర వర్సిటీలను చేర్చండి.

పోస్టులు, గ్రాంట్లు సర్కారు చేతిలో ఉంటాయి కనుక ఫలితాలు పెంచే దిశలోనే మోడల్ నడపాలి. ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో 'బెంచ్‌మార్కింగ్' ప్యాకేజీ సరిపోతుంది. స్కోరు 1.25 వస్తే, అవే వనరులతో ఫలితాలు 25 శాతం పెరగొచ్చని అర్థం. డీఈఏలో రెండు మోడళ్లున్నాయి: పరిమాణం తేడాను పట్టించుకోని 1978 నాటి సీసీఆర్, దాన్ని లెక్కలోకి తీసుకునే 1984 నాటి బీసీసీ. రెండూ నడపండి. వాటి మధ్య తేడా పెద్దదైతే లోపం పనితీరులో కన్నా క్యాంపస్ పరిమాణంలో ఉంది.

ఇక ర్యాంకు గట్టిదనం. స్కోరు 1 వచ్చిన వర్సిటీలను ఒక్కొక్కటే తీసేసి మళ్లీ నడపండి. తర్వాత పేపర్లు తీసి పీహెచ్‌డీలు పెట్టండి. పాత, కొత్త వరసలు ఎంత కలుస్తాయో చెప్పే స్పియర్‌మన్ సహసంబంధం (పూర్తిగా కలిస్తే 1) 0.9 వచ్చిందని మురిసిపోవద్దు, మధ్యలో ఒక వర్సిటీ ఐదు మెట్లు జారినా అది కనబడదు. ప్రతి వర్సిటీకీ వచ్చిన కనిష్ఠ, గరిష్ఠ ర్యాంకులు రాసుకోండి. బూట్‌స్ట్రాప్ (డేటాను మళ్లీ మళ్లీ ఏరి, స్కోరు ఎంత అటూఇటూ అవుతుందో చూడటం) 2000 సార్లు చేయాలి, కానీ ఏరిన విలువలను కొద్దిగా సర్ది నునుపు చేసే సిమార్-విల్సన్ పద్ధతిలోనే. మామూలుగా తిరిగి ఏరితే స్కోరు 1 అనే అంచు దగ్గర లెక్క తప్పుతుంది. ఇలా వచ్చిన స్కోరు విరామాలు (కింది, పై హద్దుల మధ్య మేర) ఒకదానిమీదొకటి పడితే వరస సంఖ్య ఇవ్వకుండా ఒకే గుంపుగా చూపండి. పట్టికతో పాటు బోధన గంటల ముడి అంకెలూ పెట్టండి, అభ్యంతరాలు ముందు వచ్చేది వాటిమీదే.