ముఖం మందం కొలవాలంటే ముందు చెయ్యి తేలికపడాలి

పుర్రె ఆధారంగా ముఖాన్ని తిరిగి మలిచేవారికి ప్రతి చోటా ఒకటే సందేహం: ఈ ఎముక మీద కండ, కొవ్వు, చర్మం కలిసి ఎన్ని మిల్లీమీటర్లు ఉండేవి? ఆ లెక్క కోసం నేను బతికున్నవారి ముఖాలను అల్ట్రాసౌండ్‌తో కొలుస్తాను. 1895లో శరీర నిర్మాణ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ హిస్ శవాల ముఖాల్లోకి సూది దింపి, సూదికి గుచ్చిన రబ్బరు బిళ్ళ ఎంత జరిగిందో చూసి లోతు తెలుసుకున్నాడు. సంగీతకర్త బాఖ్‌దని భావించిన పుర్రెను పరీక్షించడానికి ఆయన పడిన శ్రమ అది. శవాల కొలతలతో చిక్కేమిటంటే, ప్రాణం పోయాక ముఖం మునుపటిలా ఉండదు.

మనిషిని నిటారుగా కూర్చోబెట్టండి. పడుకుంటే చెంపల కండ చెవుల వైపు జారుతుంది. సీటీ స్కాన్లు సాధారణంగా పడుకోబెట్టి తీస్తారు కాబట్టి ఆ అంకెలను వీటితో కలపకండి. పెదవులు మెల్లగా మూసి ఉండాలి, పళ్ళు బిగించకూడదు. బిగిస్తే దవడ కండరం ఉబ్బి కొలత పెరుగుతుంది.

తర్వాత వేలితో తడిమి, చెరిగిపోయే పెన్సిలుతో గుర్తులు పెట్టండి. కనుబొమల మధ్య, గడ్డం మీద, దవడ మూల దగ్గర ఎముక వేలికి తెలుస్తుంది. ముక్కు ఎముక ముగిసి మెత్తటి మృదులాస్థి మొదలయ్యే చోటు కూడా దొరుకుతుంది. చెంప మాత్రం సతాయిస్తుంది. పై దవడ రెండో విసురు పన్ను ఎదురుగా ఉండే బిందువును బయటినుంచి వేలు పట్టుకోలేదు. నేను నోరు తెరిపించి పన్ను చూసి, బయట అంచనాగా గుర్తు పెడతాను. నా కొలతల్లో నాకు అతి తక్కువ నమ్మకం ఉన్నది దీని మీదే.

ఇక అసలు సంగతి. జెల్ ధారాళంగా, గుట్టలా వేయండి. ప్రోబ్, అంటే చేత్తో పట్టుకునే అల్ట్రాసౌండ్ పరికరం, చర్మాన్ని తాకకూడదు, జెల్ మీద తేలాలి. తెరపై ప్రోబ్‌కూ చర్మానికీ మధ్య నల్లటి పట్టీ కనిపిస్తుంటే మీ చెయ్యి సరిగ్గా ఉన్నట్టే. ఆ పట్టీ మాయమైతే మీరు నొక్కుతున్నారు. మొదట్లో నేను ఒకే చెంపను రెండు రోజులు కొలిస్తే రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చింది. యంత్రాన్ని అనుమానించాను. తప్పు నా మణికట్టుది. ప్రోబ్‌ను అటూ ఇటూ కొద్దిగా వంచుతూ ఎముక గీత బాగా మెరిసిన చోట ఆపండి. అప్పుడే అది ఎముకకు లంబంగా ఉన్నట్టు. చర్మం పైగీత నుంచి ఎముక ముందు అంచు వరకు కొలవండి.

ప్రతి బిందువును మూడుసార్లు, ప్రతిసారీ ప్రోబ్ ఎత్తి కొలవండి. ముక్కు ఎముక చివర పెద్దవారిలో మందం సుమారు 3 మిల్లీమీటర్లే. అక్కడ ఒక మిల్లీమీటరు పొరపాటంటే మూడో వంతు పోయినట్టే. చెంపలో అదే పొరపాటు పెద్దగా లెక్కలోకి రాదు.

కొన్నాళ్ళ తర్వాత పాత అంకెలు చూడకుండా కొందరిని మళ్ళీ కొలవండి. రెండు కొలతల తేడాలను వర్గం చేసి కూడి, మనుషుల సంఖ్యకు రెట్టింపుతో భాగించి, వర్గమూలం తీస్తే మీ చేతి దోషం బయటపడుతుంది. దాన్ని పట్టికతో పాటే ఇవ్వండి. వయసు, లింగం, ఎత్తు, బరువు తప్పక రాయండి. బరువు అన్నిటికన్నా చెంపల్లోనే ఎక్కువగా తెలుస్తుంది. కొద్దిమంది బొద్దు ముఖాలవారు సగటును పైకి లాగేస్తారు కాబట్టి మధ్యగతాన్ని కూడా చూపండి. విసురు పళ్ళు ఊడినవారి చెంప కొలతలను వేరే పేజీలో పెట్టండి.