తాతగారి దస్తావేజులకు కొత్త పెట్టె

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్‌లోని మా ఇంట్లో నడుము లోతు నీళ్లు నిలిచాయి. తాతగారి దస్తావేజులున్న ట్రంకుపెట్టె మంచం కిందే ఉంది. తెరిచి చూస్తే కాగితాల అంచులకు పెట్టె తుప్పు అంటింది, సంతకాల దగ్గర సిరా ఊదారంగు మరకలై పాకింది. బూజు పట్టకముందే ఒక్కో కాగితాన్నీ విడదీసి నీడలో ఆరబెట్టాను.

తర్వాత గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా కొని, కాగితాలు పూర్తిగా ఆరకుండానే మూత బిగించాను. తొందర నాదే! వారానికల్లా లోపల చెమర్చి ముక్కవాసన కొట్టింది.

మళ్లీ బాగా ఆరబెట్టి, ఈసారి ఆమ్లం లేని అట్టపెట్టెలో పడుకోబెట్టాను. దాన్ని పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెట్టాను. పీవీసీ ప్లాస్టిక్ డబ్బా చవకే గాని, దాన్నుంచి కాగితాన్ని పాడుచేసే ఆమ్లం వెలువడవచ్చని వద్దనుకున్నాను. డబ్బా ఇప్పుడు అటక మీద ఉంది. వానాకాలంలో నెలకోసారి దించి పొట్లాలు మారుస్తున్నాను.