ఇంట్లో క్రిస్మస్ – మూడో పాఠం: కారమెల్ నుంచి ఓవెన్ దాకా

మొదటి పాఠంలో ప్లమ్ కేకు కోసం పండ్లు నానబెట్టిన సీసా మూత తీసి చూడండి. కిస్‌మిస్ ఉబ్బి, అడుగున రసం రెండు మూడు చెంచాలకు మించకుండా ఉంటే మీరు సిద్ధంగా ఉన్నట్టే. రసం ఇంకా ఎక్కువుంటే పండ్లను జల్లెడలో వేసి ఒక గంట వదిలేయండి. కారిన రసం పారబోయొద్దు, ఈ రోజే దానితో పని పడుతుంది.

కేకుకి డిసెంబర్ 16 నుంచి 20 లోపు ఒక రోజు పెట్టుకోండి. 23, 24 తేదీల్లో కేకు చేయాలనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: అప్పుడు మీకు తీరిక దొరకదు. టైలర్ దగ్గర బట్టలు, అరిసెల పిండి, చర్చిలో రిహార్సళ్లు, రాత్రి క్యారల్స్ వాళ్లు, అన్నీ ఆ రెండు రోజుల మీదే పడతాయి. పైగా ప్లమ్ కేకు చేసిన రోజు తింటే పిండి వేరు, పండు వేరు అన్నట్టు ఉంటుంది. మూడు నాలుగు రోజులు ఆగితే పండ్లలోని తడి, మసాలా వాసన కేకంతా పాకుతాయి.

ఇప్పుడే వచ్చి చేరినవాళ్లు కంగారు పడొద్దు. 400 గ్రాముల ఎండు పండ్లు (కిస్‌మిస్, నల్ల ఎండుద్రాక్ష, ఖర్జూరం, టూటీ ఫ్రూటీ, కొంచెం అంజీర్) తరిగి, 150 మిల్లీలీటర్ల నారింజ రసంలో వేసి సన్నని సెగ మీద ఐదారు నిమిషాలు ఉడికించి, మూత పెట్టి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి నానిపోతాయి.

రమ్ము లేకపోతే ప్లమ్ కేకు కాదేమో అని ఇంకా సందేహపడుతున్నవాళ్లకి ఒక చిన్న కథ. 1883లో కేరళలోని తలశ్శేరిలో మర్డాక్ బ్రౌన్ అనే తోటల యజమాని ఇంగ్లండ్ నుంచి తెచ్చిన కేకును మాంబళ్ళి బాపు అనే బేకరీ యజమానికి ఇచ్చి, అచ్చం ఇలాంటిదే చేసిపెట్టమన్నాడు. ఫ్రెంచి బ్రాందీ వాడమని చెప్తే, బాపు దాని బదులు ఊళ్లో దొరికే సారా పోశాడని చెప్పుకుంటారు. మన దేశంలో క్రిస్మస్ కేకు కథ మొదలైందే ఇలాంటి సర్దుబాటుతో అంటారు. మన ఊళ్లలో చాలా క్రైస్తవ కుటుంబాల్లో మద్యం గడప తొక్కదు, ద్రాక్ష రసమో నారింజ రసమో వాడతారు. కేకుకి వచ్చే లోటేమీ లేదు. నిలవ విషయంలో మాత్రం తేడా ఉంది, అది చివర్లో చెప్తాను.

కొలతలు

ఎనిమిది అంగుళాల గుండ్రటి టిన్నుకి మైదా 250 గ్రాములు, ఉప్పు లేని వెన్న 200, పొడి చేసిన పంచదార 150, గుడ్లు నాలుగు, బేకింగ్ పౌడర్ ఒక చెంచా (సరిగ్గా తలగొట్టి), చిటికెడు ఉప్పు, జీడిపప్పు ముక్కలు 75 గ్రాములు, ఒక నారింజ పైతొక్క తురుము. మసాలాకి నాలుగు లవంగాలు, అంగుళం దాల్చినచెక్క, మూడు యాలకులు, పావు చెంచా శొంఠి పొడి, కాస్త జాజికాయ. లవంగాలు పెంచొద్దు. ఇక కారమెల్‌కి (నల్లబడేదాకా కరిగించిన పంచదార పాకం) పంచదార 125 గ్రాములు, మరిగే నీళ్లు 100 మిల్లీలీటర్లు. వంటింటి కాటా ఉంటే తూకం వేయండి. గ్లాసులతో కొలిస్తే మైదా నొక్కి పోసేవాళ్లకి ఒకలా, వదులుగా పోసేవాళ్లకి ఇంకోలా వస్తుంది.

కారమెల్

ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది నిజానికి ఇదొక్కటే. మిగతాది ఏ కేకుకైనా చేసే పనే. ప్లమ్ కేకు నలుపు కోకో పొడితో రాదు. కోకో వేస్తే అది పండ్లు వేసిన చాక్లెట్ కేకు అవుతుంది. కొన్ని బేకరీలు సీసాలో వచ్చే రంగు పోస్తాయి, రంగు వస్తుంది గానీ ఆ చిరుచేదు రాదు. ఎండు పండ్ల తీపికి విరుగుడు ఆ చేదే.

అరిసెల పాకం పట్టడం వచ్చినవాళ్లకి ఇక్కడ ఒక చిక్కు. అరిసెల పాకం నీళ్లు పోసి పట్టేది. 115 డిగ్రీల చుట్టుపక్కల ఉండపాకం వస్తుంది, పొయ్యి కట్టేస్తాం. చేతికి ఆ అలవాటు ఉంటుంది కాబట్టి పంచదార బంగారు రంగుకి రాగానే భయం వేసి ఆపేస్తాం. ఇక్కడ నీళ్లు లేకుండా వట్టి పంచదారని కరిగించి 180 డిగ్రీలు దాటించాలి. నీళ్ల గిన్నెలో చుక్క వేసి చూసే పరీక్ష పనికిరాదు. చూడాల్సింది రంగు, పొగ, వాసన.

మందపాటి స్టీలు గిన్నె తీసుకోండి. నల్లటి నాన్‌స్టిక్‌లో రంగు కనపడదు. పంచదారను సమంగా పరిచి, మధ్యస్థం కంటే తక్కువ మంట మీద పెట్టండి. అంచుల దగ్గర కరగడం మొదలవుతుంది. గరిటెతో తిప్పొద్దు, గిన్నెను పట్టుకుని మెల్లగా అటూ ఇటూ వంచండి. మధ్యలో ఉండలు కట్టినా అవే కరుగుతాయి. మొదట తేనె రంగు, తర్వాత పాలు లేని టీ రంగు. చాలామంది ఇక్కడ ఆపుతారు, వాళ్ల కేకు గోధుమ రంగులో తేలిపోతుంది. ఇంకా ఉంచండి. నురగ లేస్తుంది, రంగు ఫిల్టర్ కాఫీ డికాక్షన్ దాకా వస్తుంది, సన్నగా పొగ మొదలవుతుంది. మొదటి పొగ కనపడగానే పొయ్యి కట్టేయండి. గిన్నె వేడికి ఇంకో పదిహేను సెకన్లు అది నల్లబడుతూనే ఉంటుంది, దాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇప్పుడు నీళ్లు. పక్క పొయ్యి మీద మరుగుతూ ఉండాలి, చల్లటివి పోస్తే చిందులు మరీ ఎక్కువ. ముఖం దూరంగా పెట్టి, పొడుగు కాడ గరిటెతో మూడు విడతలుగా పోయండి. నీళ్లు తగలగానే బుస్సుమని ఆవిరి లేస్తుంది. పిల్లలు వంటింట్లో ఉండకూడదు, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. కారమెల్ ఒంటి మీద పడితే అతుక్కుని కాలుస్తూనే ఉంటుంది. పొరపాటున పడితే వెంటనే కుళాయి నీటి ధార కింద ఇరవై నిమిషాలు పెట్టాలి. టూత్‌పేస్టు, ఐసు రాయొద్దు. కాలిన చోటు పెద్దదైతే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

నీళ్లు పోశాక అడుగున గట్టి రాయిలా ముద్ద కడితే భయపడొద్దు, సన్నని సెగ మీద రెండు నిమిషాలు పెడితే కరుగుతుంది. ఒక చుక్క తెల్ల సాసర్‌లో వేసి, చల్లారాక నాలిక మీద పెట్టుకోండి. ముందు తీపి, వెనకే చేదు రావాలి. తీపి తెలియకుండా చేదు గొంతు పట్టుకుంటే మాడిందని అర్థం. పారబోసి మళ్లీ చేయండి. పది రూపాయల పంచదార కోసం వందల రూపాయల వెన్న, జీడిపప్పు పాడు చేసుకోవడం ఎందుకు?

కారమెల్ ముందు రోజే చేసి సీసాలో పోసి పెట్టుకోవచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్లు అలాగే చేయండి. బేక్ చేసే రోజు ఆ టెన్షన్ ఉండదు.

కలపడం

వెన్న మెత్తబడాలి గానీ కరగకూడదు. వేలితో నొక్కితే గుంట పడాలి, మెరుస్తూ జారకూడదు. ఆదిలాబాద్ వైపు డిసెంబర్ పొద్దున వెన్న గంటల తరబడి బయట పెట్టినా రాయిలాగే ఉంటుంది, గోరువెచ్చటి నీళ్ల గిన్నె మీద కాసేపు పెట్టాల్సి వస్తుంది. విజయవాడలో మధ్యాహ్నం అయితే ఫ్రిజ్‌లోంచి తీసి కొంతసేపు మరిచిపోతే చాలు, నూనె అయి కూర్చుంటుంది. మీ ఊరిని బట్టి చూసుకోండి.

వెన్న, పంచదార పొడి తెల్లబడేదాకా గిలక్కొట్టండి. ఒకే వైపు తిప్పాలంటారు, ఎటు తిప్పినా ఒకటే. గుడ్లు ఒక్కొక్కటిగా వేయాలి. విరిగినట్టు కనపడితే ఒక చెంచా మైదా చల్లండి, సర్దుకుంటుంది. తర్వాత పూర్తిగా చల్లారిన కారమెల్, నారింజ తురుము. వేడి కారమెల్ పోస్తే వెన్న కరిగిపోయి ఇంతసేపూ కొట్టింది వృథా. మైదా, బేకింగ్ పౌడర్, ఉప్పు, మసాలా పొడి కలిపి జల్లించి, మూడు విడతలుగా వేస్తూ కింది నుంచి పైకి తిప్పండి. ఇక్కడ గిలక్కొట్టొద్దు, కేకు సాగుతుంది.

పండ్లకి, జీడిపప్పుకి రెండు చెంచాల మైదా (పై కొలతలోంచే తీసింది) పట్టించి చివర్లో కలపండి. మైదా పట్టిస్తే పండ్లు అడుక్కి దిగవని అందరూ చెప్తారు. అది కొంతే నిజం. అసలు దిగకుండా ఆపేది పిండి చిక్కదనం. గరిటె ఎత్తితే పిండి ధారగా కారకూడదు, ఒక్క కుదుపు ఇస్తే దబ్బున పడాలి. మరీ గట్టిగా ఉంటే జల్లెడలో కారిన పండ్ల రసం ఒకటి రెండు చెంచాలు పోయండి.

కాల్చడం

టిన్ను లోపల అడుగున, చుట్టూ బటర్ పేపర్ రెండు పొరలు. పాత పద్ధతిలో టిన్ను బయట కూడా కాగితం చుట్టేవారు. మన చిన్న ఓటీజీల్లో (ఇంట్లో వాడే కరెంటు ఓవెన్లు) రాడ్లు చాలా దగ్గర, ఆ పని చేయొద్దు. పిండి టిన్నులో ముప్పావు వంతు దాటకుండా నింపి, మధ్యలో గరిటెతో చిన్న గుంట చేయండి. ఉబ్బినప్పుడు పైభాగం సమంగా వస్తుంది.

ఓటీజీని 150 డిగ్రీల దగ్గర పావుగంట ముందే వేడి చేయండి. మామూలు స్పాంజి కేకులా 180 పెడితే పైన, అంచుల్లో మాడి, మధ్యలో పచ్చిగా ఉంటుంది. ఇంత బరువైన పిండిలోకి వేడి నెమ్మదిగా దిగుతుంది. గంటంబావు నుంచి గంటన్నర పడుతుంది. ముప్పావు గంట దాటాక పైన రంగు ముదురుతుంటే అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పండి. పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు. కిస్‌మిస్ జిగురు అంటితే అది పచ్చి కాదు, పక్కన ఇంకోచోట గుచ్చి చూడండి. ఇంకో గుర్తు ఉంది, పాతవాళ్లది: చెవి దగ్గర పెట్టి వినండి. లోపల సన్నగా చిటపటలు వినిపిస్తున్నంతసేపు తడి ఇంకా ఉంది, ఆ చప్పుడు దాదాపు ఆగితే కేకు అయినట్టు.

కరెంటు కోత ప్రకటన ఉన్న రోజు మాత్రం పెట్టుకోకండి. మొదటి అరగంటలో పోతే కేకు కుంగుతుంది. చివర్లో పోతే తలుపు తెరవకుండా ఉంచండి, లోపలి వేడికే చాలావరకు అవుతుంది.

ఓవెన్ లేనివాళ్లు కొలతలన్నీ సగం చేసి ఆరు అంగుళాల టిన్నులో, పాత కుక్కర్‌లో చేయొచ్చు. విజిల్, గ్యాస్కెట్ తీసేసి, అడుగున అంగుళం మందాన ఉప్పు పోసి, స్టాండు పెట్టి, పది నిమిషాలు వేడి చేశాక టిన్ను దించండి. మంట సన్నగా, గంట దాకా. కొత్త కుక్కర్ పాడు చేసుకోవద్దు. లేదా మీ వీధి బేకరీ అతన్ని అడిగి చూడండి, ఇంట్లో కలిపిన పిండిని డబ్బులు తీసుకుని కాల్చి ఇచ్చేవాళ్లు ఉంటారు.

ఆ గంటన్నరలో

కేకు లోపల ఉండగా వంటింట్లో నిలబడి తలుపు తెరిచి చూస్తుంటే వేడి పోతుంది తప్ప లాభం లేదు. వెళ్లి రెండో పాఠంలో కట్టిన స్టార్ చూసుకోండి. లోపల ఎల్ఈడీ బల్బే ఉండాలి, పాత ఫిలమెంట్ బల్బు వేడికి కాగితం అంటుకోవచ్చు. యేసు పుట్టిన పశువుల పాక బొమ్మలో పరిచిన వరిగడ్డికి సీరియల్ లైట్లు తగలకుండా వెనక గోడకి బిగించండి. కోతలయ్యే రోజులు కాబట్టి గడ్డి ఊళ్లో ఎక్కడైనా దొరుకుతుంది, కానీ తడి గడ్డి తెస్తే రెండు రోజుల్లో బూజు వాసన వస్తుంది, ఎండబెట్టే పరచండి.

కోస్తాలో ఉన్నవాళ్లు ప్లాస్టిక్ చెట్టు కొనక్కర్లేదు, సరుగుడు కొమ్మను మించింది లేదు. ఇప్పుడే తెచ్చుకోకండి మరి. 22న తెచ్చి, తడి ఇసుక నింపిన బకెట్‌లో గుచ్చి, రోజూ కాసిన్ని నీళ్లు పోయండి. ముందే తెస్తే పండగ నాటికి ఆకు రాలి హాలంతా ఊడ్చుకోవాల్సి వస్తుంది.

దించాక

టిన్నులోనే పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద తీస్తే పగులుతుంది. బటర్ పేపర్ తీయకుండా, పైన ఇంకో కాగితం, దానిపైన ఫాయిల్ చుట్టి డబ్బాలో పెట్టండి. పండ్లు రమ్ములో నానబెట్టినవాళ్లు బయటే ఉంచొచ్చు. రసంతో చేసినవాళ్లు, ముఖ్యంగా తీరప్రాంతంలో, మూడు రోజుల తర్వాత ఫ్రిజ్‌లోకి మార్చి, తినే ముందు గంట బయట పెట్టండి. ఐసింగ్ వద్దు. ఇంత కష్టపడి తెచ్చిన నలుపుని తెల్ల క్రీమ్ కింద దాచేయడం నాకు నచ్చదు.

వచ్చే పాఠం అతిథుల గురించి: రాత్రి పదకొండుకి ఇరవై మంది క్యారల్స్ వాళ్లు తలుపు కొడితే ఒక్క కేకుని అందరికీ సరిపడా ఎలా కోయాలి, గుడ్డు తినని పక్కింటివాళ్లకి ఏం చేయాలి, ప్లేటులో కేకు పక్కన గులాబీ పువ్వులు ఎలా వేయాలి. పువ్వుల అచ్చు కొత్తగా కొన్నవాళ్లు దాన్ని శుభ్రంగా కడిగి, తుడిచి, ముందు రాత్రి నూనెలో ముంచి ఉంచండి. లేకపోతే మొదటి వాయి పువ్వులు అచ్చుని వదలవు.