దాల్ సరస్సు లోపలి పాయల్లో, తేలే తోటల మధ్య ప్రశాంతంగా పడవలో తిరగడం ఎలా?

శ్రీనగర్ వెళ్ళొచ్చిన మనవాళ్ళని దాల్ సరస్సు ఎలా ఉందని అడిగి చూడండి. షికారా (పైకప్పున్న తెడ్డు పడవ) ఎక్కాం, కాశ్మీరీ డ్రెస్ వేసుకుని ఫొటో దిగాం అంటారు. కాసేపాగి "అమ్మేవాళ్ళ గోలే ఎక్కువండీ" అని కూడా అంటారు. నిజమే. సరస్సు ఒడ్డునే సాగే బులెవార్డ్ రోడ్డు రేవుల్లో పొద్దున పది దాటాక పడవ ఎక్కితే కుంకుమపువ్వు పడవ, పూసల దండల పడవ, కహ్వా అనే కాశ్మీరీ టీ పడవ ఒకదాని వెనక ఒకటి వచ్చి మన పడవ అంచు పట్టుకుంటాయి. నా మొదటి సవారీ గంటలో సగానికి సగం "వద్దు భాయ్, వద్దు" అనడంతోనే గడిచింది.

అదే సరస్సులో హౌస్‌బోట్ల వరస దాటి వెనక్కి వెళితే వ్యవహారం వేరు. చెక్క ఇళ్ళు, చిన్న వంతెనలు, కూరగాయల మళ్ళు, వాటి మధ్య ఒక్క పడవ పట్టేంత నీటి సందులు. తరతరాలుగా నీళ్ళ మీదే సేద్యం చేసుకునే రైతులు ఉండేది అక్కడే. అది చూడాలంటే చీకటితో లేవాలి, పడవాయనతో ముందే గట్టిగా మాట్లాడుకోవాలి. మిగతాదంతా సులువే.

1. నెల చూసుకుని బయల్దేరండి

మార్చి చివర, ఏప్రిల్ నెలల్లో జనం ట్యూలిప్ తోట కోసం ఎగబడతారు, రేవులు కిటకిటలాడతాయి. తేలే తోటలు చూడాలనుకుంటే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మంచిది, తీగలన్నీ కాపు మీద ఉంటాయి. జులై, ఆగస్టుల్లో తామరలు విచ్చుకుంటాయి. అక్టోబర్‌లో చలి మొదలైనా జనం పలచబడతారు, నాకైతే అదే ఇష్టం. డిసెంబర్ 21 నుంచి నలభై రోజులు చిల్లై కలాన్ అంటారు. సరస్సు అంచుల్లో మంచు పెచ్చు కట్టే రోజులవి. అప్పుడు తోటల్లో చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు.

2. బస ఎక్కడో ఆలోచించండి

బులెవార్డ్ రోడ్డు మీద హోటల్ తీసుకుంటే తెల్లవారుజామున సరస్సుని అడ్డంగా దాటుకుని లోపలికి వెళ్ళాలి, ముప్పావు గంట పైనే పడుతుంది. దాల్‌ని ఆనుకుని ఉన్న నగీన్ సరస్సు వైపు గానీ, పాత ఊరి పేట రైనావారీ వైపు గానీ బస దొరికితే ఆ దూరం బాగా తగ్గుతుంది. నగీన్‌లో హారన్ల మోత కూడా తక్కువే. హౌస్‌బోట్‌లో దిగితే ఇంకో లాభం, పడవ మన మెట్ల దగ్గరికే వస్తుంది.

ఒక జాగ్రత్త. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కాశ్మీర్‌లో పనిచేయవు. మీ బృందంలో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ లేకపోతే, చీకట్లో రేవు దగ్గర నిలబడి పడవాయన వచ్చాడో లేదో తెలుసుకునే దారి ఉండదు.

3. ముందు రోజు సాయంత్రమే పడవ మాట్లాడుకోండి

అన్నిటికన్నా ముఖ్యం ఇదే, ఇక్కడ తేలిగ్గా తీసుకుంటే మిగతాదంతా పాడవుతుంది. రేవుల దగ్గర ప్రభుత్వం నిర్ణయించిన రేట్ల బోర్డు ఉంటుంది. ఆ రేటు పడవకి, గంట లెక్కన, మనిషికింత అని కాదు. షికారాలో నలుగురు సుఖంగా కూర్చోవచ్చు. తెల్లవారుజాము సవారీ మూడు గంటల దాకా పడుతుంది కాబట్టి మొత్తానికి ఒక ధర మాట్లాడుకుంటారు. బోర్డు చూసి గంటల లెక్క మనసులో వేసుకుని, దాని మీద కాస్త ఎక్కువ అడిగితే కాదనకండి. ఆయనా మనతోపాటే మూడున్నరకి లేవాలి.

ధర తెగింది కదా అని లేచి రాకండి. అసలు మాటలు అప్పుడే మొదలు. మొదటిది, దుకాణాలకి తీసుకెళ్ళొద్దు. నన్నొకసారి "ఐదు నిమిషాలే" అని ఒక శాలువాల కొట్టు ముందు దింపారు, బయటపడేసరికి ఎండెక్కింది. రెండోది, మోటారు వద్దు, తెడ్డుతోనే నడపాలి. మూడోది, అందరినీ తిప్పే చార్ చినార్, నెహ్రూ పార్కు దీవులు మనకి అక్కర్లేదు. నీటి మీద పడవల్లోనే జరిగే కూరగాయల సంత, తర్వాత రాద్ అనే తేలే తోట, తిరుగు ప్రయాణం లోపలి పాయల గుండా. "బజార్ నహీ, షాప్ నహీ, అందర్ కే రాస్తే సే వాపస్" అంటే చాలు, అర్థమవుతుంది. హైదరాబాద్ ఉర్దూ అక్కడ భేషుగ్గా చెల్లుతుంది. కాకపోతే మన "నక్కో" వినగానే నవ్వుతారు.

పడవ నడిపేవారిలో పెద్ద వయసాయన దొరికితే ఆయన్నే ఖాయం చేసుకోండి. కుర్రాళ్ళు వేగంగా తీసుకెళతారు, చాచాలు తీరిగ్గా తీసుకెళతారు. 2024 డిసెంబర్‌లో ఉబర్ యాప్‌లో కూడా షికారా బుకింగ్ మొదలైంది, కానీ అది పగటిపూట గంట సవారీ. మన పనికి రాదు.

4. సంచిలో ఏం పెట్టుకోవాలి

స్వెటర్, చెవులు కప్పే టోపీ. శ్రీనగర్ సముద్రమట్టానికి సుమారు 1,585 మీటర్ల ఎత్తున ఉంది, జూన్‌లో కూడా తెల్లవారుజామున నీటి మీద వణుకు పుడుతుంది. చిల్లర నోట్లు, ఫ్లాస్కులో టీ. పిల్లలుంటే లైఫ్ జాకెట్లు పడవలో ఉన్నాయో లేదో రాత్రే అడగండి, పొద్దున అడిగితే ఆ చీకట్లో వెతికి తేలేరు. బాత్రూమ్ పని బసలోనే ముగించుకోండి.

5. ఎక్కడం, కూర్చోవడం

షికారా అడుగు బల్లపరుపుగా ఉంటుంది. అంచు మీద కాలు వేస్తే ఒక్కసారిగా పక్కకి ఒరుగుతుంది. పడవాయన చెయ్యి పట్టుకుని నడుం వంచి నేరుగా మధ్యలో అడుగు వేసి, వెంటనే కూలబడండి. బరువైనవాళ్ళు ఇద్దరూ ఒకే వైపు కూర్చోకూడదు. ఇక సెల్ఫీ కోసం లేచి నిలబడటం మాట మర్చిపోండి.

ఆయన చేతిలోని తెడ్డు చివర హృదయాకారంలో, రావాకులా ఉంటుంది. దాన్ని చప్పు అంటారు. పేరు చప్పే గానీ చప్పుడు లేదు. ఫోన్లు సైలెంట్‌లో పెట్టి, కబుర్లు ఆపితే నీళ్ళు జారిన శబ్దం, ఎక్కడో కోడి కూత, మసీదు నుంచి అజాన్ తప్ప ఏమీ వినబడవు.

6. సంత దగ్గర అరగంట

జూన్‌లో సూర్యోదయం ఐదుంబావు దాటాక, అక్టోబర్‌లో ఆరున్నర ప్రాంతంలో. సంత వెలుగు రాకముందే మొదలై ఏడింటికల్లా చెదిరిపోతుంది. కాబట్టి వేసవిలో నాలుగున్నరకే పడవలో ఉండాలి.

రైతులు తమ చిన్న పడవల్లో సొరకాయలు, టమాటాలు, ముల్లంగి, టర్నిప్, హాఖ్ అనే ఆకుకూర, కట్టలు కట్టలుగా నద్రూ తెస్తారు. నద్రూ అంటే మన తామర తూడు. కొనేవాళ్ళు ఎక్కువగా ఊళ్ళో టోకు వ్యాపారులు. పడవ పడవకి ఆనించి, కాళ్ళు ముడుచుకుని కూర్చునే బేరాలు సాగుతాయి. చిన్నగా మొదలై గొంతులు పెరుగుతాయి, అంతలోనే నవ్వులు. ప్రశాంతత కోసం వచ్చి సంతకి ఎందుకంటారా? ఈ సందడి వాళ్ళ పని తాలూకుది. మనకి ఏదో అంటగట్టాలని కాదు, కాబట్టి చెవికి చేదుగా ఉండదు.

మన పడవని గుంపు మధ్యలోకి పోనివ్వకండి. ఒక పక్కన నిలపమనండి. ఫొటో తీసేముందు కళ్ళతోనే అడగండి, తల అటూ ఇటూ ఊపితే కెమెరా దించేయండి. ఇక్కడా పర్యాటకుల కోసం పూలవిత్తనాల ప్యాకెట్ల పడవ ఒకటి మీ పక్కకి చేరొచ్చు. ఒక్కసారి నమస్కారం పెట్టి తల తిప్పుకోండి, పోతారు.

7. అసలైన తేలే తోటని గుర్తుపట్టడం

ఇక్కడ చాలామంది మోసపోతారు, నేనూ పోయాను. పడవాయన గట్టున ఉన్న ఏ మడిని చూపించినా "ఫ్లోటింగ్ గార్డెన్" అంటాడు. వాటిలో ఎక్కువ భాగం తేలేవి కావు, వాటిని డెంబ్ అంటారు. లోతు తక్కువ ఉన్నచోట నాచూ బురదా ఏళ్ళ తరబడి పోసి గట్టిపరిచిన నేల అది. విల్లో చెట్లు నిలబడి ఉన్నాయంటే అది డెంబే.

రాద్ నిజంగా తేలుతుంది. కొల్లేటి దగ్గర పెరిగినవాళ్ళకి జమ్ము, కిక్కిస తెలుసు కదా, అలాంటి నీటిగడ్డినే వాడతారు. కోసి, అల్లి, పొరల మీద పొరలు పరిచి, ఆరడుగుల వెడల్పున పొడుగాటి చాపలా తయారుచేస్తారు. అది మనిషి బరువు మోసేంత గట్టిపడ్డాక, సరస్సు అడుగు నుంచి తీసిన నాచు, బురద కలిపి చిన్న చిన్న కుప్పలు పోస్తారు. ఒక్కో కుప్పలో రెండో మూడో దోస, టమాటా, పుచ్చ నారు. వేళ్ళకి కింద నుంచి నీరు ఎప్పుడూ అందుతుంది. చాప కొట్టుకుపోకుండా మూలల్లో పొడవాటి కర్రలు సరస్సు అడుగులోకి దిగేస్తారు.

ఆ కర్రలు పీకేస్తే తోటని తాడు కట్టి ఎక్కడికైనా లాక్కెళ్ళొచ్చు. రాత్రికి రాత్రి పొరుగువాడి తోటనే దొంగిలించిన వైనాలు 19వ శతాబ్దపు బ్రిటిష్ అధికారులు రాసిపెట్టారు. మన దగ్గర గట్టు జరిపి సెంటు భూమి కలుపుకుంటేనే కోర్టుకెళతాం. అక్కడ పొలం మొత్తం లేచిపోయేది!

తేడా తెలుసుకోవడానికి చిన్న కిటుకుంది. పడవని తోట పక్కన ఆపమని, ఇంకో పడవ దాటేదాకా ఆగండి. అల వచ్చినప్పుడు రాద్ అంచు మెల్లగా పైకి లేచి దిగుతుంది, దాని మీది సొరతీగలు కూడా ఊపిరి తీసినట్టు కదులుతాయి. డెంబ్‌కి అల తగిలి విరిగిపోతుందంతే. రైతు అక్కడే ఉండి సరేనంటే అరచేత్తో అంచు నొక్కి చూడండి, తడిసిన పరుపులా దిగుతుంది. కాలు మాత్రం పెట్టకండి. ఆ చాప అలవాటైన కాళ్ళకే తెలుస్తుంది ఎక్కడ పలచగా ఉందో.

8. పాయల గుండా వెనక్కి

ఈపాటికి ఏడవుతుంది. ఇళ్ళ వెనక మెట్ల మీద పాత్రలు తోముకునేవాళ్ళు, బడికి పడవలో బయల్దేరిన పిల్లలు కనబడతారు. ఇది వాళ్ళ వీధి, ఆ మెట్లు వాళ్ళ పెరడు. మన ఇంటి నూతి దగ్గరికి ఎవరో కెమెరాతో వస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది వాళ్ళకీ. ఆడవాళ్ళ ఫొటోలు తీయకండి. ఎవరైనా పలకరిస్తే "సలామ్" అనండి, చాలు.

కొన్ని మలుపుల్లో మురుగు వాసన వస్తుంది. ఇళ్ళ వ్యర్థాలు కలిసేచోట నీరు పచ్చగా, చిక్కగా ఉంటుంది. పోస్టుకార్డు బొమ్మ కోసం వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నీటిలో చెయ్యి పెట్టి ఆడకండి, బిస్కెట్ కవరు సంచిలోనే వేసుకోండి.

నగరం లోపలికి కూడా ఒకప్పుడు ఇలాగే పడవలు వెళ్ళేవి. 15వ శతాబ్దంలో సుల్తాన్ జైనుల్ ఆబిదీన్ తవ్వించిన నల్లా మార్ కాలువ పాత ఊరి మధ్యనుంచి పారేది. 1970లలో దాన్ని పూడ్చి రోడ్డు వేశారు. ఇప్పుడు అదే పేరున్న ఆ రోడ్డు మీద ఆటోలు తిరుగుతాయి. చాచాని ఆ కాలువ సంగతి అడగండి, చప్పు ఆపి మరీ చెబుతాడు.

9. దిగాక

మాట్లాడుకున్న డబ్బు మీద కొంచెం వేసి ఇవ్వండి, ఆ బేరం మళ్ళీ మొదలుపెట్టకండి. రేవు దగ్గర్లో కాందుర్ కొట్టు, అంటే రొట్టెల బట్టీ, ఉంటుంది. వేడి గిర్దా రొట్టె, గులాబీ రంగు నూన్ చాయ్ తీసుకోండి. ఆ టీలో వేసేది ఉప్పు. పంచదార అనుకుని పెద్ద గుక్క తీసుకోకండి.

సంతలో నద్రూ కొని ఉంటే, ఇంటికి తెచ్చేటప్పుడు రెండు చివర్లూ మూసుకున్న కాడలే ఏరుకోండి. చివర తెగితే లోపలి రంధ్రాల్లోకి బురద పోతుంది, ఎంత కడిగినా పంటి కింద ఇసుక తగులుతుంది. తొక్క గీకి, పలచగా చక్రాలు కోసి, ఉప్పు నీళ్ళలో కడిగి, వడియాల్లా బియ్యప్పిండి, కారం పట్టించి వేయించుకుంటే పప్పుచారులోకి బాగుంటుంది.