ఇంజిన్ +2 అంటోంది, ఆట డ్రా: తేల్చుకునే పద్ధతి

భీమవరంలో చెస్ టోర్నీ ఆడి, తిరుగు బస్సులోనే గేమ్‌ను స్టాక్‌ఫిష్ అనే చెస్ ఇంజిన్‌కి (ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రామ్) ఎక్కించి చూసే పిల్లలు చాలామంది. తమ వైపు ఎంత పైచేయో చెప్పే అంకె +2.3 అని కనబడగానే గెలిచే ఆట పోగొట్టుకున్నామని దిగులు పడతారు. నిజంగా పోగొట్టుకున్నారో లేదో ముందు తేల్చుకోండి.

స్టాక్‌ఫిష్ 15.1 (2022) నుంచి +1.00 అంటే ఒక బంటు ఎక్కువని కాదు. అదే ఇంజిన్ తనతో తాను ఆడుకుంటే గెలిచే అవకాశం 50 శాతమని. అంటే కాలవలో నీటిమట్టం చూసి చెప్పే మాట, గట్టుకి గండి ఎక్కడ పడుతుందో చూసి చెప్పేది కాదు. బంట్లు బిగుసుకుపోయిన కోటలో, అంటే బలం తక్కువున్నా ఎదుటివాడు లోపలికి దూరలేని పొజిషన్‌లో, గండి పడే చోటే ఉండదు. అయినా ఎక్కువున్న రూక్ ఎక్కువగానే కనబడుతుంది కాబట్టి అంకె దిగదు. ఒకే పొజిషన్ తిరిగొస్తే సున్నా అని తెలుసు గనక, ఇంజిన్ రాజుని వేరే గడికి జరిపి కాలక్షేపం చేస్తుంది.

మల్టీపీవీ 4 పెట్టండి, నాలుగు మేలైన లైన్లు ఒకేసారి కనబడతాయి. డెప్త్ (ఇంజిన్ ఎంత లోతుగా చూసిందో) 25 దగ్గర అంకె రాసుకుని, 40 దాకా ఆగండి. ఫోన్ వేడెక్కి నెమ్మదిస్తుంది, ల్యాప్‌టాప్ మేలు. గెలిచే ఆటలో అంకె సాధారణంగా ఎక్కుతూ పోతుంది. నాలుగు లైన్లూ దాదాపు ఒకే అంకె చూపిస్తూ, ముందుకీ వెనక్కీ తిరిగే ఎత్తులే ఇస్తుంటే అనుమానించాలి. అప్పుడు రెండు వైపులా ఇంజిన్ చేతే 30 ఎత్తులు ఆడించండి. బంటు కదలక, పావు కోత లేక 50 ఎత్తుల లెక్క (అన్ని ఎత్తులు ఇలాగే గడిస్తే డ్రా అడగొచ్చు) పెరిగేకొద్దీ స్టాక్‌ఫిష్ అంకెను తనే తగ్గించుకుంటూ వస్తుంది. చివరికి కాగితం మీద రెండే రాయండి: ఏ బంటు తొయ్యగలను, రాజు ఏ గడిలోంచి దూరగలడు. రెండూ ఖాళీ అయితే ఇంజిన్‌తో పనిలేదు.

ఒకటి బోర్డు మీద పెట్టి చూడండి. తెల్ల రాజు జి5, బిషప్ ఇ4, బంట్లు హెచ్5, హెచ్6. నల్ల రాజు ఒంటరిగా హెచ్8. హెచ్8 నల్ల గడి, బిషప్ తెల్ల గడులది, ఆ మూలని ఎప్పటికీ కొట్టలేదు. తెల్ల రాజు జి6కి వస్తే నల్ల రాజు జి8, బిషప్ డి5 నుంచి చెక్ ఇస్తే మళ్లీ హెచ్8, బంటు హెచ్7కి తోస్తే స్టేల్‌మేట్ (చెక్ లేకపోయినా నల్లకి ఆడే ఎత్తు లేదు, ఆట డ్రా). బిషప్, రెండు బంట్లు ఎక్కువున్నా డ్రాయే. ఇలాంటివాటికి సిజిజీ టేబుల్‌బేస్ (తక్కువ పావుల పొజిషన్ల ఫలితాలు ముందే లెక్కగట్టి పెట్టిన ఫైళ్లు) ఉంది: 5 పావుల దాకా సుమారు 1 జీబీ, ఫోన్లో పడుతుంది. 6 పావులవి 150 జీబీ దాకా. 7 పావులవి లీచెస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు.

గెలవాలని ఆడేటప్పుడు అసలు తప్పు ఇంకా ముందే జరుగుతుంది. ఒక లైన్ +1.8, బంట్లన్నీ మూసుకుపోతాయి, ఇంకోటి +0.9, రెండు చోట్ల బంటు తొయ్యొచ్చు. ఇంజిన్ మొదటిదే చూపిస్తుంది. మనిషి మీద రెండోదే ఆడాలి. పాత వెర్షన్లలో కంటెంప్ట్ అనే సెట్టింగ్ ఉండేది. దాన్ని పెంచితే ఇంజిన్ డ్రాని చిన్నచూపు చూస్తుంది, కోటకి గండి మాత్రం పుట్టించదు.

మీరు కోటలో ఉన్న వైపైతే ఎత్తులు మానకుండా రాయండి. బంటు కదలకుండా, కోత లేకుండా రెండు వైపులా యాభయ్యేసి మీ తర్వాతి ఎత్తుతో పూర్తవుతాయంటే ఆ ఎత్తు బోర్డు మీద ఆడకండి. షీటులో రాసి, ఆర్బిటర్‌ని (టోర్నీ రిఫరీని) పిలిచి డ్రా అడగండి. మీరు అడక్కపోతే 75 దాకా ఆడాల్సిందే.