రేడియేటర్ ఫ్యాన్ తిరగట్లేదా? డైరెక్ట్ కొట్టించే ముందు ఇలా చూస్కోండి

మాది జయపురం. చుట్టాలందరూ విజయనగరం వైపే కాబట్టి కోరాపుట్, పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు దిగడం మళ్లీ ఎక్కడం నాకు అలవాటే. ఆ ఘాటీలో బోనెట్ ఎత్తుకుని నిలబడ్డ కార్లు చూసినప్పుడల్లా ఆగి అడుగుతాను, ఎక్కువసార్లు ఒకటే సంగతి: ఫ్యాన్ తిరగట్లేదు, లేకపోతే ఎవరో మిస్త్రీ ఇగ్నిషన్ నుంచి ఒక సన్న వైరు లాగి ఫ్యాన్‌ని డైరెక్ట్ కొట్టేశాడు, ఆ వైరు ఇప్పుడు కరిగిపోయింది. ఫ్యాన్ మోటారు 10 నుంచి 20 యాంప్స్ లాగుద్ది, దాన్ని రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) లేకుండా ఫ్యూజ్ లేకుండా కీ స్విచ్ మీద నడిపిస్తే ఇంకేటవుతుంది.

ముందు అసలు తప్పు ఫ్యాన్‌దేనా అని తేల్చుకోండి. లారీ వెనకాల సెకండ్ గేర్‌లో పాకుతున్నప్పుడో, గేటు దగ్గర ఆగినప్పుడో టెంపరేచర్ ముల్లు పైకెళ్లి, ఖాళీ రోడ్డు మీద 60, 70 స్పీడ్‌లో కిందికి దిగిపోతుంటే ఫ్యాన్‌నే అనుమానించాలి, ఎందుకంటే స్పీడ్‌లో ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లారుస్తుంది, నెమ్మదిగా పోతున్నప్పుడే ఫ్యాన్ కావాలి. సాపు రోడ్డు మీద 80లో కూడా వేడెక్కుతోందంటే అది ఫ్యాన్ జబ్బు కాదు, రేడియేటర్ చోక్, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే రేడియేటర్‌కి దారి తెరిచే వాల్వు), వాటర్ పంప్ వైపు చూడాలి. థర్మోస్టాట్ తీసి పారేయమని చెప్పేవాళ్ల మాట అస్సలు వినొద్దు, ఇంజిన్ ఎప్పుడూ సగం వేడి మీదే నడిచి మైలేజీ పోతుంది.

కావల్సినవి: ఒక మల్టీమీటర్, 2.5 ఎంఎం వైరు రెండు మీటర్లు, ఆ వైరుకి 30 యాంప్ ఫ్యూజ్ హోల్డర్, పాత హెచ్4 హెడ్‌లైట్ బల్బు ఒకటి, ఇసుక కాగితం. ఈ పని పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు. ఇంకోటి, కీ తీసేసినా కొన్ని కార్లలో ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది, కాబట్టి రెక్కల దగ్గర చెయ్యి పెట్టాలంటే బ్యాటరీ నెగటివ్ విప్పాకే.

కూలెంట్ లెవెల్ చూడండి. తక్కువుంటే వేడి కొలిచే సెన్సార్ నీళ్లలో మునగదు, ఆవిరిలో ఉండిపోయి తప్పు రీడింగ్ ఇస్తుంది, ఫ్యాన్‌కి ఆర్డరే రాదు. కుళాయి నీళ్లు కాదు, కూలెంటే పొయ్యండి. రేడియేటర్ ముందు ఎర్రమట్టి, పురుగులు పట్టేసుంటే మెల్లగా నీళ్లతో కడగండి.

తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేయండి. చాలా కార్లలో ఏసీ వేస్తే ఫ్యాన్ తిరగాలి. ఏసీకి తిరిగి, వేడికి తిరగకపోతే మోటారు బాగున్నట్టే, సెన్సార్ వైపు వెళ్లండి. రెండిటికీ తిరగకపోతే ఫ్యూజ్ చూడండి, ఆ తర్వాత రిలే. అదే నంబరు ఉన్న హారన్ రిలే పక్కనే ఉంటే మార్చి పెట్టి చూడండి. రిలే టిక్కుమంది కదా అని బాగుందనుకోవద్దు, టిక్కుమనేది 85, 86 నంబర్ల కాళ్ల మధ్యనున్న కాయిల్, ఫ్యాన్ కరెంటు పోయేది 30 నంబరు కాలు నుంచి 87కి, ఆ పాయింట్లు మాడిపోయినా టిక్కు వినిపిస్తూనే ఉంటుంది.

మోటార్ని విడిగా చూడ్డం సులువు. కనెక్టర్ పీకి, ఫ్యూజ్ పెట్టిన వైరుతో బ్యాటరీ నుంచి నేరుగా ఇవ్వండి. ప్లస్ మైనస్ తిరగేయొద్దు, తిరగేస్తే ఫ్యాన్ వెనక్కి తిరిగి గాలిని ముందుకి తోస్తుంది. ఫ్యాన్ ఇంజిన్ వైపు ఉన్న కార్లలో రేడియేటర్ ముందర కాగితం పెడితే అతుక్కోవాలి. రెక్కని కర్రతో నెడితేగానీ లేవట్లేదంటే బ్రష్‌లు అయిపోయాయి, మోటారు మార్చడమే.

ఇక అందరూ పాడుచేసేది ఇక్కడే. మోటారు బ్యాటరీ మీద తిరుగుతోంది, కారులో తిరగట్లేదు. అప్పుడు మిస్త్రీ ఏం చేస్తాడంటే పీకేసిన కనెక్టర్‌లో మీటర్ పెడతాడు, 12 వోల్టులు చూపిస్తుంది, "వైరింగ్ బాగుంది, ఫ్యాన్ పోయింది" అంటాడు. పోయిన వేసవిలో మా బావ కారుకి ఇదే జరిగింది. మోటార్ని విడిగా చూడనే లేదు, కొత్త ఫ్యాన్ వేయించాడు, రెండోరోజే ఫోను. "ఏటి బావా, కొత్తది కూడా తిరగట్లేదా?" అంటే "తిరగట్లేదురా, మీటర్‌లో 12 వస్తోందంట మరి" అన్నాడు. వెళ్లి చూస్తే ఎర్త్ బోల్టు (ఫ్యాన్ మైనస్ వైరుని కారు రేకుకి బిగించేది) కింద తుప్పు. ఇసుక కాగితం పని, పది నిమిషాలు.

మీటర్ అబద్ధం చెప్పలేదు, మనం అడిగిన ప్రశ్నే తప్పు. మీటర్ దాదాపు కరెంటు లాగదు, అందుకని తుప్పు పట్టిన బోల్టు గుండా కూడా, ఒక్క పోగు మిగిలిన వైరు గుండా కూడా 12 వోల్టులు చూపించేస్తుంది. ఫ్యాన్ పెట్టి 15 యాంప్స్ అడిగేసరికి ఆ వోల్టేజ్ కూలిపోతుంది. ఎల్ఈడీ టెస్టర్ కూడా అంతే, నన్నడిగితే దాన్ని టూల్ బాక్స్‌లోంచి తీసేయండి.

అందుకే హెచ్4 బల్బు. దాంట్లో 60, 55 వాట్ల ఫిలమెంట్లు రెండుంటాయి, రెండూ కలిపి కడితే దగ్గర దగ్గర 10 యాంప్స్ లాగుతుంది, అంటే సుమారు ఫ్యాన్ లాంటి బరువే. ఏసీ వేసి ఫ్యాన్‌కి ఆర్డర్ వెళ్లేలా చేసి, కారు వైపు కనెక్టర్‌లో ఫ్యాన్ బదులు ఈ బల్బు పెట్టండి. తెల్లగా వెలిగితే పవరూ ఎర్తూ రెండూ బాగున్నట్టే, కనెక్టర్ పిన్నులు వదులయ్యాయేమో చూడండి. మసగ్గా వెలిగినా వెలగకపోయినా బల్బు మైనస్ వైరు తీసి నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి పెట్టండి. ఇప్పుడు తెల్లగా వెలిగిందా, తప్పు ఎర్త్‌ది. అయినా మసకే అంటే ప్లస్ వైపు, అంటే రిలే పాయింట్లో, ఫ్యూజ్ సాకెట్టో, మధ్యలో వైరో. బల్బు చాలా కాలిపోతుంది, ప్లాస్టిక్ మీద పెట్టొద్దు, చేత్తో పట్టుకోవద్దు, పది సెకన్లు చాలు.

రెండు జాగ్రత్తలు, ఇవి తప్పితే బిల్లు వేలల్లో వస్తుంది. ఒకటి, ఈ బల్బు ఫ్యాన్ లావు వైర్లకే. ఫ్యాన్‌కి లావు వైర్లతో పాటు సన్న సిగ్నల్ వైరు కూడా వస్తోందంటే దానికి కంట్రోల్ మాడ్యూల్ ఉంది, మోటార్‌కి నేరుగా బ్యాటరీ ఇచ్చే టెస్టు గానీ ఈ బల్బు టెస్టు గానీ దానికి పనికిరావు, వదిలేయండి. రెండు, ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి) వెళ్లే సెన్సార్ కనెక్టర్‌లో బల్బు గానీ బ్యాటరీ వైరు గానీ ఎప్పుడూ పెట్టొద్దు, ఈసీయూ పోతుంది. అక్కడ చెయ్యాల్సింది ఒకటే, ఏసీ ఆపి, ఇంజిన్ నడుస్తుండగా సెన్సార్ ప్లగ్ పీకండి. చాలా కార్లలో వేడి ఎంతో తెలియక ఈసీయూ ఫ్యాన్ వేసేస్తుంది. అలా వేసిందంటే రిలే, వైరింగ్, మోటారు అన్నీ బాగున్నట్టే, తప్పు సెన్సార్ వైపే. రేడియేటర్‌కే స్విచ్ ఉన్న పాత కార్లలో మాత్రం ఆ స్విచ్ రెండు వైర్లు కలిపితే ఫ్యాన్ తిరగాలి. ఈ రెండిటినీ కలగాపులగం చేసేవాళ్లని చాలామందిని చూశాను.

ఎర్త్ తప్పయితే బోల్టు విప్పి రేకు మెరిసేదాకా గీకి, గట్టిగా బిగించి పైన వాజిలీన్ రాయండి. మాడిన కనెక్టర్‌ని మెలిపెట్టి టేపు చుట్టొద్దు, వైరుతో సహా కొత్తది వేయాలి. రెండు స్పీడ్ల ఫ్యాన్‌కి ఫాస్ట్ స్పీడ్ ఉండి స్లో స్పీడ్ లేకపోతే చాలా కార్లలో రెసిస్టర్ (స్లో స్పీడ్ కోసం కరెంటు తగ్గించేది) పోయినట్టు.

అంతా అయ్యాక ఏసీ ఆపి బండిని ఆన్‌లో ఉంచండి. చాలా కార్లలో 95 డిగ్రీల దరిదాపుల్లో ఫ్యాన్ లేచి, నాలుగైదు డిగ్రీలు తగ్గాక ఆగుతుంది. ఒక్కసారి తిరిగితే సరిపోదు, మూడుసార్లు తనంతట తాను లేచి ఆగాలి. నేనైతే అది చూడకుండా సుంకి ఎక్కను.